తండా వెనక బాట

గాలివాన వెలిసిన పొద్దున రంపం మిషను భుజాన వేసుకుని పర్వేజ్ ములకలపల్లి నుంచి అడవికి బయల్దేరాడు. తండ్రి నాటి నుంచీ వాళ్లది కట్టె కోత పనే. ముందు నడుస్తున్న ప్రమీల అటవీ శాఖ బీట్ ఆఫీసరుగా వచ్చి ఇంకా నెల కాలేదు. లోపలి తండాలో ఇంటి రేకు ఎగిరొచ్చి హేమ్లి తొడ కోసుకుపోయిందని, బాట మీద చెట్లు తీస్తేగానీ ఆటో రాదని హేమ్లి భర్త మంగీలాల్ తెల్లవారగానే ఫోన్ చేశాడు. అంతలో సిగ్నల్ పోయింది.

బాట చీలిన చోట ఇద్దరూ ఆగిపోయారు. తండా దారికి తెల్లరంగు గుర్తు పెట్టిన చెట్టు వేళ్లతో సహా పడి ఉంది.

"ఎటు పోవాలె మేడమ్?"

"మొన్న ఈడ నీడుండె భాయ్. ఇయ్యాల ఎండ కొడుతుంది. ఏం సమజైతలేదు."

ఎడమ వైపు నుంచి గొడ్డలి చప్పుడు వినిపించింది. తండావాళ్లు ఎదురు కోసుకుంటూ వస్తున్నారనుకుని అటే కదిలారు. నాలుగు చెట్లు కోసేసరికి చప్పుడు కుడివైపుకు మారింది. తర్వాత వెనక నుంచి వచ్చింది. ఆ తర్వాత రానేలేదు.

పదకొండో చెట్టు తీశాక ఎదురుగా తొడంత లావు టేకుచెట్టు కనిపించింది. పడింది కాదు, బాట నడుమ నిటారుగా నిలబడి ఉంది.

"మనుషులు నడిచే బాటల చెట్టెట్ల మొలుస్తది?" అన్నాడు పర్వేజ్.

ప్రమీల ముఖం పాలిపోయింది. "తప్పు నాదే భాయ్. వెనక్కి పోదామా?"

వెనక్కి పోతే మధ్యాహ్నం దాటుతుంది. ముందేముందో తెలియదు. అక్కడ హేమ్లికి ఎంత రక్తం పోతోందో! అంతలో కుక్కలు మొరిగాయి. ఆ అరుపు పట్టుకుని పొదలు తోసుకుంటూ వెళితే తండా ఇళ్ల వెనక్కి చేరారు.

తండా పెద్ద లాలు వాళ్లను వింతగా చూశాడు. "గిటు నుంచి వచ్చిండ్రేంది? గా బాట ఇడిసి పదేండ్లాయె."

"హేమ్లి ఏది తాతా?"

"మంచం మీద మోసుకపోయిండ్రు. అడ్డమొచ్చిన కొమ్మలు నరుక్కుంట, మానులు దాటుకుంట పోయిండ్రు. దవాఖానాల కుట్లేసిండ్రంట. గుట్టెక్కి ఫోన్ చేస్తే చెప్పిండ్రు."

పర్వేజ్ మిషను కింద పెట్టి కూలబడ్డాడు. ఆమె బతికింది. మరి పొద్దుటి నుంచి తాను ఎవరి కోసం కోసినట్టు? సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

లాలు చెంబుతో నీళ్లిచ్చాడు. "మంచిగనే అయింది బిడ్డా. ముందు బాటల ఇంకా పెద్ద మానులు పడున్నయి. ఆటో గిటే రావాలె."

నిలబడ్డ టేకును కోయనివ్వనంది ప్రమీల. దాని పక్కనుంచి ఆటో పట్టేంత పొద నరికారు.

మూడో రోజు హేమ్లి ఆటోలో వచ్చింది. ఇళ్ల వెనకభాగాలు చూసి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాడికి తెచ్చినవ్? ఇది మన తండా కాదు!"

"మనదే. దిగు," అన్నాడు మంగీలాల్.

ఆమె మాత్రం తన ఇంటి ముందువైపు కనపడేదాకా ఆటో దిగలేదు.