పక్క మడిలో మెంతికూర

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా తోట, మీనాక్షి తోట పక్కపక్కనే. మధ్యన మోకాలెత్తు కంచె. ఇద్దరికీ ఒకే ఎండ, ఒకే వాన. కానీ ఆవిడ మెంతికూర గుబురుగా లేస్తుంది. నాది జానెడు కాకముందే పసుపు తిరిగి కూలబడుతుంది.

మొన్న సెప్టెంబరులో ఆవిడ డబ్బాలో పెట్టిచ్చిన మెంతికూర పప్పు తిని మా ఆయన విక్రాంత్ వేళ్లు నాకాడు.

"అబ్బ! అచ్చం మా అమ్మ చేసినట్టే ఉందే," అన్నాడు మహానుభావుడు.

ఏడేళ్ల కాపురంలో నా వంటకు ఆ మాట దక్కలేదు. ఒళ్లు మండిపోయింది. నా మడిలో మెంతికూరతో ఒక్కసారైనా ఆ మాట అనిపించకపోతే నా పేరు రాజ్యశ్రీ కాదు!

అక్టోబరులో ఒకరోజు కంచె మీదుగా చూద్దును కదా, మీనాక్షి ఏదో తెల్లటి పొడి చల్లుతోంది.

"ఏంటక్కా అది?"

"కాల్క్. సున్నం పొడి. ఈడ మట్టి మస్తు పులుపు, మెంతికి పడది. నువ్వు గూడ మట్టి టెస్ట్ చేసుకొని, ఎంత గావాల్నో అంతే చల్లు."

టెస్టట, టెస్టు! నాకు అడ్డుపుల్ల వేయడానికి కాకపోతే! మర్నాడే పెద్ద బస్తా తెచ్చాను. మెంతి మడి ఒక్కటే ఎందుకు, తోటంతా బాగుపడనీ అని మూలనున్న బ్లూబెర్రీ పొద మొదట్లో కూడా దోసిళ్లతో పోశాను. మా అమ్మాయి మాయ పుట్టిన ఏడు విక్రాంత్ నాటిన పొద అది.

ఎండలొచ్చేసరికి మెంతి విరగబడి వచ్చింది. పప్పు వండి, విక్రాంత్ ముందు పెట్టి, ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాను.

"బాగుంది," అన్నాడు. "అది సరేగానీ, బ్లూబెర్రీకి ఏమైందే? ఆకులన్నీ అలా ఉన్నాయి?"

వెళ్లి చూస్తే పొదంతా పాలిపోయి ఉంది. ఒక్క పిందె లేదు. తన పళ్లేవని మాయ జర్మన్‌లో అడుగుతోంది. మీనాక్షి కంచె దాటి వచ్చి, మట్టి తీసి చూసింది.

"అయ్యో, దీనికి గూడ కాల్క్ పోసినవా? ఇది పులుపు మట్టిలనే బతుకుతది గదనే!"

నేను తల దించుకున్నాను. ఆవిడ పొదనే నిమురుతోంది.

"నిజం జెప్తున్న రాజ్యశ్రీ, దీన్ని జూసి ఎంత కుళ్లుకున్ననో. నేను రెండుసార్లు పెట్టిన, రెండూ సచ్చినయి. మాయ డబ్బాల ఈ పండ్లు జూసి, మనకెందుకు లేవని మా నీల్‌గాడు ఒకటే ఏడుపు."

ఆవిడ నన్ను చూసి కుళ్లుకుందట! ఎన్నాళ్లుగా ఎదురుచూశాను ఆ మాట కోసం! తీరా వినేసరికి, ఆవిడ కుళ్లుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మాయ ఇంకా కొమ్మల కింద వెతుకుతూనే ఉంది.