మెకానిక్ వినని చప్పుడు

ఆ మోటార్ల కొట్లో పని ఇద్దరిది. కాలిపోయిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టేది భార్య. అందుకే వీధి వీధంతా ఆమెను వైండింగమ్మ అంటుంది. చుట్టిన మోటారు సరిగ్గా తిరుగుతోందో లేదో తేల్చేది భర్త. తేల్చడమంటే మీటర్లూ గీటర్లూ పెట్టి కాదు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని వింటాడు. ‘బేరింగ్ పోయింది’ అన్నాడంటే పోయినట్టే. ఆ చెవి మీద ఆయనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. వైండింగమ్మకూ అంతే నమ్మకం. కాకపోతే మొహాన అంటే నెత్తికెక్కి కూర్చుంటాడని పైకి అనదు, అంతే.

ఆయన తల వాల్చాడంటే కొట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. మోటారు తెచ్చినవాళ్లు మాట మధ్యలోనే ఆపేయాలి. వెనకగదిలో ఆయన తల్లి గిన్నె చప్పుడు చేసినా ‘అమ్మా!’ అని కేక పడుతుంది. కుక్క నట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లగా వచ్చిన కొత్తల్లో అది ఇల్లెగిరిపోయేలా మొరిగేది. ముక్కు మీద వేలేసి వేలేసి, బుజ్జగించి, బిస్కెట్లు పెట్టి ఆయన నేర్పాడు. ఆ తర్వాత ఆయన తల అటు వాలిందో లేదో, నట్టు నేలకు కరుచుకుపోయేది. తుమ్ము వచ్చినా మింగేసేది. “మీ ఇద్దరికన్నా ఇది నయం,” అని తల్లినీ భార్యనూ కలిపి దెప్పేవాడు. అత్తాకోడళ్లు కూడా నవ్వేసేవాళ్లు, నిజమే కాబట్టి.

ఆ నట్టు మీదికి, కొట్టు ముందు పంపు దించడానికి వచ్చిన వ్యాను వెనక్కి వచ్చింది. డ్రైవరు చూసుకోలేదు. నట్టుకి తప్పుకునే చోటు లేదు.

పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. నడుం విరిగింది, లోపల రక్తం పోతోంది, ఆపరేషన్‌కి తట్టుకోదు. “నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి పంపించడమే దానికి మేలు. ఇప్పుడేనంటే ఇప్పుడే. కాదూ, ఇంట్లో మాట్లాడుకుంటానంటారా, మందు రాసిస్తాను. ఆ మందు నొప్పిని ఎంతో సేపు ఆపదు.”

“మాట్లాడుకుంటాం,” అని మెకానిక్ నట్టుని దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చేశాడు.

వెనకగదిలో దుప్పటి పరిచి పడుకోబెట్టి, దాని పక్కటెముకల మీద చెవి ఆనించి విన్నాడు. చాలాసేపు విన్నాడు. లేచేసరికి మొహం వెలిగిపోతోంది.

“నొప్పి లేదు. ఉంటే మూలగదూ? చిన్న ముల్లు గుచ్చుకుంటేనే కుయ్యోమనే జాతి ఇది. ఆవిడ ఎక్స్‌రే బొమ్మ చూసి చెప్పింది, నేను విని చెబుతున్నా. చక్రాల బండి చేస్తా. ముందుకాళ్లతో లాక్కుంటూ తిరుగుతుంది.”

వైండింగమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వచ్చింది కానీ, ఆ మాట నిజమైతే బాగుండునని ఆమెకూ ఉంది. పైగా ఆ చెవి ఎప్పుడు తప్పింది కనుక! నట్టు నడుముకి పట్టీ కుట్టడానికి మెత్తటి గుడ్డ వెతకబోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన చక్రాల కోసం పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లాడు. ఆమె ముందుగదిలో తీగ చుడుతూ కూర్చుంది. చెక్క గోడ వెనక నుంచి చప్పుడు వినబడింది. సన్నగా మొదలై, లాగి లాగి, మధ్యలో తెగి మళ్లీ అందుకుంటోంది. చేతిలో తీగ వదిలేసి లోపలికి పరుగెత్తింది.

అత్తగారు నట్టు తల ఒళ్లో పెట్టుకుని ఉంది. “వాడు గుమ్మం దాటిన దగ్గర్నుంచీ ఇంతేనమ్మాయ్. నిన్న స్నానానికి వెళ్లినప్పుడూ ఇంతే. వాడేమో నొప్పి లేదంటాడు. నాకే చెవుల్లో ఏదో చేరిందేమో అనుకున్నా.”

అంతలో చక్రాలు పట్టుకుని ఆయన రానే వచ్చాడు. మూలుగు ఠక్కున ఆగిపోయింది. ఆయన వంగి, తల వాల్చి, దాని ఒంటికి చెవి ఆనించాడు. నట్టు ముందుకాళ్లు వణుకుతున్నాయి. పళ్లు బిగపట్టింది. కళ్లు మాత్రం ఆయన మొహం మీదే ఉన్నాయి, సరిగ్గానే చేస్తున్నానా అన్నట్టు.

“చూశావా? చిన్న చప్పుడు కూడా లేదు,” అన్నాడాయన, గర్వంగా.

వైండింగమ్మకి అప్పుడు తెలిసింది. ఇది నొప్పి లేకపోవడం కాదు. ఈ కుక్క చెప్పినమాట వింటోంది. నడుం విరిగి, కడుపులో రక్తం పోతూ కూడా, ఆయన వింటున్నాడని నోరు మూసుకుని పడుంది. ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఆయన మీద కాదు, నిన్నంతా ఎదురుగా కూర్చుని కూడా చూడని తన మీద.

నోటితో చెబితే ఒంటికాలి మీద లేస్తాడు. అందుకని వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

“రండి నాతో.”

“ఎక్కడికి? బండి పని ఉంది కదా.”

“బండి ఎక్కడికీ పారిపోదు. మాట్లాడకుండా రండి.”

ముందు తలుపులోంచి వీధిలోకి, వీధిలోంచి పక్కసందులోకి తీసుకెళ్లి, వెనకగది కిటికీ కింద నిలబెట్టింది. ఎవరైనా చూస్తే మొగుడూ పెళ్లాలు సొంతింటికే కన్నం వేస్తున్నారనుకుంటారు. కాసేపటికి లోపల మూలుగు మొదలైంది. ఆయన అలవాటుగా తల వాల్చాడు.

“ఏమిటా చప్పుడు? ఎవరింట్లో?”

ఏ మోటారు ఏ వీధి చివర తిరుగుతోందో చెప్పగల మనిషి. ఆమె నీళ్లు నమలలేదు.

“మనింట్లోనే. అది నట్టు.”

“కాదు. నేను ఇప్పుడేగా విన్నాను.”

“మీరు వింటున్నారనే అది నోరు మూసుకుంటోందండీ. మీరు తల వాలిస్తే చప్పుడు చేయకూడదు. అదొక్కటే దానికి తెలుసు. చచ్చిపోయేదాకా అలాగే ఉంటుంది.”

ఆయన లోపలి మూలుగు వింటూ గోడకి చేరగిలబడ్డాడు. పెద్ద మనిషి, కళ్లల్లో నీళ్లు గిర్రున తిరుగుతుంటే తుడుచుకోవడం కూడా తోచలేదు.

“డాక్టరమ్మకి కబురు చేస్తున్నా,” అంది వైండింగమ్మ. “రేపు దీని గురించి ఎవరినైనా తిట్టుకోవాలనిపిస్తే నన్ను తిట్టుకోండి. ఈ బాధ దానికి ఇంకొక పూట కూడా పెట్టనివ్వను.”

“నిన్నెందుకు తిడతాను,” అన్నాడు మెల్లగా. “నేనే చేస్తా ఫోను.”

డాక్టరమ్మ సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు.

“నేను బయట ఉంటా. నేనుంటే అది అరవదు.”

“బయటుంటే మీకోసం వెతుక్కుంటుంది,” అంది వైండింగమ్మ. “లోపలే ఉండండి. వినకండి. మాట్లాడండి.”

“ఏం మాట్లాడను?”

“ఏదో ఒకటి. నన్ను తిట్టండి, అది మీకు వచ్చినదే కదా.”

ఆయన నట్టు ఎదురుగా చతికిలపడ్డాడు. తల నిటారుగా పెట్టుకున్నాడు, కళ్లు బాగా తెరిచి ఉంచాడు. పని మాట తప్ప మాట్లాడని మనిషి గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాడు. తీగ మరీ బిగించి చుడుతుంది మీ అమ్మ, ఎన్నిసార్లు చెప్పినా వినదు అన్నాడు. నిన్న వచ్చిన ఫ్యాను ఒట్టి డొక్కు అన్నాడు. ముసలావిడ టీలో చక్కెర మరీ దట్టిస్తోంది, ఆవిడకి ఎవరు చెబుతారు అన్నాడు. “ఎవడూ చెప్పక్కర్లేదు, మానెయ్ రా,” అంది తల్లి, కళ్లొత్తుకుంటూ.

నట్టు ఆయన మొహంలోకి చూసింది. ఆయన తల వాలలేదు. గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది, తప్పు చేసినట్టు వెంటనే ఆగింది. ఆయన వేలెత్తలేదు.

“ఆ, అదే మరి! నువ్వూ చెప్పు,” అని తన మాట తను అందుకున్నాడు.

అప్పుడు మూలిగింది నట్టు. ఆయన ఎదురుగా, నోరు తెరిచి, కడుపులో దాచుకున్నదంతా బయటికి వచ్చేలా మూలిగింది. ఆయన చెంపలు తడిసిపోతున్నాయి, మాట మాత్రం ఆపలేదు. డాక్టరమ్మ వైండింగమ్మ వైపు చూసింది. వైండింగమ్మ ఆయన వైపు చూసింది. వ్యాను డ్రైవర్ని తిడుతున్నవాడు తిడుతూనే, కానివ్వండని చేయి ఊపాడు.

సూది దిగింది. వైండింగమ్మ దాని తల రెండు చేతుల్లోకి తీసుకుంది. మూలుగు సన్నబడింది, ఊపిరిలో కలిసింది, ఆ ఊపిరీ ఆగింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎవరి మీదో ఏదో నేరం చెబుతూ.

“ఇక చాలండీ,” అంది వైండింగమ్మ.

“ఉండవే,” అన్నాడాయన, “దాన్ని ఇంకాసేపు అరవనీ.”