రొమారిక్ చేయి మార్చుకున్న ఏడాది

రొమారిక్ పెల్లిస్సియే చేతి మీదుగా స్కేటు బ్లేడు దూసుకుపోయింది డిసెంబరులో, ఫ్రాన్స్ కొండల్లోని సొంత ఊరు లా సెర్వాజ్ ఐస్ హాకీ రింక్‌లోనే. అందులో ఎవరి తప్పూ లేదు. గోల్ ముందు నలుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు. పడేటప్పుడు అతని ఎడమచేతి గ్లవ్ ఊడిపోయింది. అవతలి జట్టువాడు లేవబోతూ కాలు మోపిన చోట ఆ చేయి ఉంది. మంచు మీద రక్తం ఎర్రగా పాకడం చూసి ముందు కేక పెట్టింది ఆ ఆటగాడే. రొమారిక్ మాత్రం మణికట్టును కడుపుకి అదిమి పట్టుకుని, తనంతట తనే స్కేటింగ్ చేసుకుంటూ బయటికి వెళ్లాడు.

గ్రెనోబుల్ ఆసుపత్రిలో చేయి కుట్టిన డాక్టరమ్మ కట్టు విప్పిన రోజున దాపరికం లేకుండా చెప్పింది.

"కారు నడుపుకోవచ్చు. కత్తీ ఫోర్కూ పట్టుకోవచ్చు. కానీ చిటికెన వేలూ, పక్క వేలూ ఇక పూర్తిగా ముడుచుకోవు."

"మరి హాకీ?"

"మీకెన్నేళ్లండీ?"

"ముప్పై ఒకటి."

"బాగానే ఆడారు కదా ఇన్నాళ్లూ" అంది ఆమె, మెత్తగా. అతనికి ఆ మాట కన్నా ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

రొమారిక్ కుడివాటం ఆటగాడు. ఎడమచేత్తో స్టిక్ పైకొనను బిగించి, కుడిచేయి కిందికి వేసి కొడతాడు. స్టిక్‌ను తిప్పేదీ, అదుపులో ఉంచేదీ ఆ పైచేయే. దాన్ని బిగించే వేళ్లు సరిగ్గా ఆ రెండే. నడక వచ్చినప్పటి నుంచి అలా పట్టుకున్నవాడు. ఫిన్లాండ్‌లో మూడు సీజన్లు అలాగే ఆడాడు, ఫ్రాన్స్ జెర్సీ తొడిగినా అలాగే ఆడాడు, తిరిగి ఊరి జట్టుకి వచ్చాకా అంతే. క్లబ్ అధ్యక్షుడు ఇంటికి వచ్చి, రింక్ చుట్టూ ప్రకటనల బోర్డులు అమ్మే పని ఇస్తానన్నాడు. ఊళ్లో అందరూ నిన్ను గౌరవిస్తారు, ఎవరూ కాదనరు అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాడు రొమారిక్.

జనవరిలో ఒకరోజు పొద్దున్న చూసేసరికి కారు అద్దాల దాకా మంచులో కూరుకుపోయి ఉంది. రొమారిక్ పార తీసుకుని బయటికొచ్చాడు. కాసేపటికి భార్య మైలిస్ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడింది.

"అదేంటి, పార తిరగేసి పట్టుకున్నావ్?"

అతను చేతుల వంక చూసుకున్నాడు. పైన కుడిచేయి, కింద ఎడమచేయి. పాడైన రెండు వేళ్లూ ఊరికే వేలాడుతున్నాయి. అరచేయి మాత్రం పారను తోస్తోంది, నొప్పి లేకుండా, బలంగా. అతను ఇంకొక పారెడు మంచు ఎత్తి పోశాడు. ఇంకొకటి. తర్వాత అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"మైలిస్, నేను ఎడమవాటంగా ఆడతా."

"ఆడుదువుగానీ, ముందు ఆ కారు బయటికి తియ్యి. మందుల షాపు నేనే తెరవాలి."

జట్టుకి గోల్ కాసే గోలీ యురాయ్ స్లొవాకియా వాడు. పెళ్లి చేసుకుని ఈ లోయలోనే స్థిరపడ్డాడు. అతను ఎవరి దగ్గర్నుంచో ఎడమవాటం స్టిక్కులు రెండు తెచ్చిచ్చాడు. తెచ్చిచ్చి, తిట్టాడు కూడా.

"నీకు చెడింది చేయి కాదురా, బుర్ర. ఈ వయసులో వాటం మార్చుకున్నవాణ్ణి ఎక్కడన్నా చూశావా?"

"చూళ్లేదు. నువ్వు గోల్‌లో నిలబడతావా, నిలబడవా?"

"నిలబడక చస్తానా. నీ షాట్లకి మాస్కు కూడా అక్కర్లేదుగా."

నిజంగానే అక్కర్లేకపోయింది. మొదటి వారాల్లో పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ల, అతను చూసిన వైపు తప్ప అన్ని వైపులకీ పోయింది. కాళ్లకి అంతా తెలుసు, చేతులకి ఏమీ తెలియదు. అందుకే అతను జట్టుతో కాకుండా, ఆదివారం పొద్దున్న సరదాకి ఆడుకునే ఆడవాళ్ల గుంపులో చేరాడు. ఆ గుంపుకి పెద్ద జినెట్. జున్ను దుకాణం నడుపుతుంది, అరవై దాటిన మనిషి, ఎవరికీ దారి ఇవ్వదు.

"ఏమయ్యా, దేశం తరఫున ఆడినోడివంటగా? నాకిచ్చిన పాస్ ఆ మూల బెంచీ మీదికి పోయిందేంటి?"

"ఇవాళ్టికి వదిలెయ్ జినెట్."

"ఎందుకు వదులుతా? వచ్చే ఆదివారం వాల్‌నట్ కేకు పట్రా. మా గుంపులో చెత్తగా ఆడినోళ్లే కేకు తేవాలి."

ఆ శీతాకాలమంతా కేకు అతనే తెచ్చాడు. మైలిస్‌కి వాల్‌నట్లు పగలగొట్టీ పగలగొట్టీ విసుగొచ్చింది. ఏప్రిల్ ఆఖర్లో ఒక ఆదివారం జినెట్ స్టిక్ మీద రొమారిక్ కొట్టిన పక్ వచ్చి వాలింది, ఆమె పరుగు ఏమాత్రం తగ్గకుండా. ఆమె గోల్ కొట్టి వెనక్కి తిరిగి చూసింది.

"ఈసారి కేకు నేను తెస్తాలే" అంది.

ఎండలొచ్చి రింక్ మూసేశాక, ఇంటి వెనక పశువుల కొట్టం గోడ ముందు పెద్ద ప్లాస్టిక్ పలక పరిచి, దాని మీద మంచులా జారేలా గిన్నెల సబ్బు రాసి, పొద్దున్నా సాయంత్రం పక్‌లు కొట్టాడు. గోడ గచ్చు రాలింది. పక్కింటాయన వచ్చి ఆవులు బెదిరిపోతున్నాయని గొడవపడ్డాడు. ఒక సాయంత్రం కుడి మణికట్టుకి ఐసు పెట్టుకుని కూర్చుంటే మైలిస్ ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతా, తిన్నగా చెప్పు. ఇదంతా ఎవరికి చూపించడానికి?"

"ఎవరికీ కాదు. నా ఆట బాగాలేక తీసేస్తే ఊరుకుంటా. ఎవరి స్కేటో వచ్చి ఆపేస్తే మాత్రం ఊరుకోలేను."

ఆమె అతని మణికట్టు మీద ఐసు సర్దింది. "అయితే ఎడమచేత్తో పళ్లు కూడా తోముకో" అని లేచి లోపలికి వెళ్లింది. మర్నాటి నుంచి అతను అదీ చేశాడు.

ఆగస్టులో కోచ్ జాండ్రన్ కొత్త సీజనుకి జట్టును కట్టాడు. కెనడాలోని క్యూబెక్ నుంచి వచ్చినవాడు, మొహమాటం అంటే తెలియని మనిషి.

"పెల్లిస్సియే, నీ మీద గౌరవంతో పిలిచా. గౌరవం రెండు మ్యాచ్‌ల దాకే."

ఆ రెండింటిలో ఆఖరిది స్విట్జర్లాండ్ జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్. సగం మ్యాచ్ దాకా రొమారిక్ చక్కగానే ఆడాడు. తర్వాత అతని కుడివైపు పక్ వేగంగా వచ్చింది, ఎదురుగా గోల్ ఖాళీ. ఆలోచించే వ్యవధి లేదు. చేతులు వాటంతట అవే పాత పట్టుకి మారిపోయాయి. ఎడమచేతి వేళ్లు బిగుసుకోలేదు. స్టిక్ చేతిలోంచి ఎగిరి గోడకి తగిలింది. అవతలివాళ్లు ఆ పక్ అందుకుని పోయి గోల్ కొట్టారు. స్టాండులో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు.

మ్యాచ్ అయ్యాక రొమారిక్ తనే కోచ్ గది తలుపు తట్టాడు.

"నువ్వెందుకొచ్చావో తెలుసు. నా జవాబు కూడా నీకు తెలుసు" అన్నాడు జాండ్రన్.

"గోల్స్ కొడతానని రాలేదు కోచ్. ఆ రొమారిక్ అయిపోయాడు, మీకన్నా ముందు నాకే తెలుసు. మనవాడు శిక్ష పడి బయట కూర్చుని, ఒకడు తక్కువైనప్పుడు నన్ను దింపండి. మన గోల్ పక్కన రిఫరీ ఇద్దరి మధ్య పక్ వదిలేటప్పుడు నన్ను నిలబెట్టండి. అది గెలవడానికి వాటం కన్నా మొండితనం కావాలి."

"మొండితనం నీకు కొదవలేదని చూస్తూనే ఉన్నాగా. ఇరవై ఏళ్లవాళ్లు ఆ చోటు కోసం కొట్టుకుంటున్నారు."

"వాళ్లతో కొట్టుకుంటా. ప్రాక్టీసులో ఎదురెదురుగా పెట్టండి."

జాండ్రన్ టోపీ తీసి బట్టతల రుద్దుకున్నాడు. "సరే, రేపు పెడతా. ఓడితే మళ్లీ ఈ తలుపు తట్టకు."

మర్నాడు జట్టంతా చూస్తుండగా కోచ్ పక్ వదులుతూ పోయాడు. రొమారిక్ మొదట్లో ఓడాడు. తర్వాత ఎదుటివాడి చేతుల్ని కాదు, భుజాల్ని చూడటం మొదలుపెట్టాడు. స్టిక్‌తో పాటు తుంటినీ, మోకాలినీ, మొత్తం ఒంటినీ ఆ చిన్న చోటులోకి దింపాడు. గెలిచాడు, ఓడాడు, మళ్లీ గెలిచాడు. చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. చివరికి కోచ్ విజిల్ వేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. సీజను మొదటి మ్యాచ్‌కి గోడ మీద అంటించిన జట్టు జాబితాలో అతని పేరు అందరికన్నా కింద ఉంది. యురాయ్ దాని మీద వేలితో కొట్టి చూపించాడు.

"చూశావా? నా పేరుకన్నా కిందే."

"ఉంది కదా" అన్నాడు రొమారిక్.

ఫిబ్రవరిలో రువాన్ ఊరికి వెళ్లి అక్కడి జట్టుతో ఆడారు. లా సెర్వాజ్‌కి ఒక్క గోల్ ఆధిక్యం, నిమిషం కూడా మిగల్లేదు, వాళ్లలో ఒకడు శిక్షలో ఉన్నాడు. రువాన్ వాళ్లు గోలీని తీసేసి, గోల్ కొట్టడానికి ఇంకొకణ్ణి దింపారు. యురాయ్‌కి ఎడమపక్కన పక్ వదలబోతున్నారు. జనం బల్లలు బాదుతున్నారు. జాండ్రన్ బెంచీ అంతా ఒకసారి చూసి, "పెల్లిస్సియే" అన్నాడు, అంతే.

పక్ పడింది. రొమారిక్ దాన్ని వెనక్కి లాగాడు. అది పోయి ఎదుటివాడి స్కేటుకి తగిలి తిరిగొచ్చింది. రువాన్ వాడొకడు దాన్ని గోల్ వైపు కొట్టాడు. రొమారిక్ దాని దారికి అడ్డంగా పడుకున్నాడు. తొడకి తగిలిన పక్ ముందు పడితే, మోకాళ్ల మీదే ఉండి, ఎడమచేతి అరచేత్తో స్టిక్‌ను తోసి దూరంగా కొట్టాడు. అది గోడ వెంబడి పాకి అవతలి సగంలోకి పోయింది. మ్యాచ్ అయిపోయినట్టు హారన్ మోగింది.

ఆ సీజనులో అతను రెండే గోల్స్ కొట్టాడు. అందులో ఒకటి ఎవరి కాలికో తగిలి పోయిందని యురాయ్ ఇప్పటికీ వాదిస్తాడు. రొమారిక్ ఇంకా నాలుగేళ్లు ఆడాడు, పేరు ఆ కింది వరసలోనే, ఎవరూ ఇష్టపడని నిమిషాల్లో. ఆఖరుకి ఒక వసంతంలో ఇరవై ఏళ్లవాడొకడు ఆ నిమిషాల్లో అతనికన్నా బాగా ఆడాడు. రొమారిక్ దాన్ని బెంచీ మీంచి చూశాడు, తల ఊపాడు. ఆ వారమే తనంతట తానే కోచ్ దగ్గరికి వెళ్లి, ఇక చాలని చెప్పి వచ్చాడు.