ఎర్ర పట్టీ, ఆరు పొదలు

నాకు ఎరుపంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

ఆక్లాండ్‌కు పడమట రెండు మోటర్‌వేలు కలిసే ఇంటర్‌చేంజ్‌ను వెడల్పు చేస్తున్నప్పుడు, దాని చుట్టూ ఏ మొక్క ఎక్కడ ఉండాలో, నడకదారి ఎటు తిరగాలో, వంతెన కింది గోడకు ఏ రంగు వేయాలో తేల్చే పని నాకిచ్చారు. రెండేళ్ళు గీశాను. నలభై రెండు షీట్లు. వాటిలో నా ముద్దుబిడ్డ పదిహేడో షీటు. నడకదారి పక్కన, వాన నీళ్ళు ఇంకే పల్లం వెంబడి, నూట యాభై మీటర్ల పొడవున ఎర్ర హరకేకే మొక్కల పట్టీ. ర్యాంప్ దిగే ప్రతి డ్రైవరూ ఎడమ పక్కన ఆ ఎరుపు చూసి ఒక్క క్షణం ఆఫీసు సంగతి మరిచిపోవాలని నా కోరిక. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారా, అనండి. దానికి ఆ ఏడాది అవార్డు వస్తుందని కూడా నేను లోలోపల నమ్మాను.

హరకేకే మా దగ్గర ఏ చిత్తడిలో చూసినా ఉంటుంది. మనిషెత్తు పొద, బాకుల్లాంటి పొడుగాటి ఆకులు. మామూలుది ఆకుపచ్చగా ఉంటుంది. ఎర్రది నర్సరీల వాళ్ళు అందం కోసం పెంచింది. మామూలువి ఆరు పాత పొదలు నా పట్టీకి కాస్త ఎగువన, కొత్త కాలువ తవ్వాల్సిన చోట ఉన్నాయి. డ్రాయింగులో వాటి మీద ఆరు ఇంటూ గుర్తులు పెట్టాను, తీసేయమని. పెట్టేసి తర్వాతి షీటుకు వెళ్ళిపోయాను.

జూన్‌లో, అంటే మా చలికాలంలో, ఒక ఆదివారం ఊరి జనమంతా వచ్చి మొక్కలు నాటాలని పెట్టుకున్నాం. దానికి మూడు రోజుల ముందు పొద్దున్నే ఐసేయా ఫోన్ చేశాడు. నాటే ముఠాకు అతను మేస్త్రీ. టోంగా దీవుల మనిషి, పదకొండేళ్ళుగా నా కోపాన్ని భరిస్తున్నవాడు.

"బాస్, ఓసారి రా. జేసీబీకి అడ్డంగా ఒకావిడ కుర్చీ వేసుక్కూర్చుంది."

"లేవమను."

"నువ్వే చెప్పుకో. నాకు టీ పోసిచ్చింది. టీ తాగేశాక లెమ్మని ఎలా అంటాను?"

వెళ్ళేసరికి ఆ ఆరు పొదల ముందు మడత కుర్చీ, కాళ్ళ మీద దుప్పటి, పక్కన ఫ్లాస్కు, తలకు ఊలు టోపీ. మెరెయానా ఆంటీ. డెబ్బై ఎనిమిదేళ్ళావిడ. ఆ చుట్టుపక్కల, ఇక్కడి మూలవాసులైన మావోరీల ఇళ్ళలో బుట్టలు, చాపలు అల్లేవాళ్ళంతా ఆవిడ చేతికింద నేర్చుకున్నవాళ్ళేనని ఐసేయా చెవిలో చెప్పాడు.

"ఇంటూలు పెట్టింది నువ్వేనా?" అంది ఆవిడ.

"అవునండీ. పేరు పిప్."

"ఇవి మా అమ్మ పెట్టిన మొక్కలు. మొదటిసారి మోటర్‌వే వేసినప్పుడు మా ఇల్లు లాక్కున్నారు. అమ్మ వీటిని మా చిన్న తమ్ముణ్ణి కూర్చోబెట్టే తోపుడు బండిలో పెట్టుకుని తోసుకుంటూ వచ్చి ఇక్కడ నాటింది. తమ్ముడు నడుచుకుంటూ వచ్చాడు, దారంతా ఏడుస్తూ. ఇప్పుడు ఇక్కడికీ వచ్చారు. మా మొక్కలెక్కడుంటే అక్కడికే మీ రోడ్డు వస్తుందేం?"

 నేను పరిష్కారాలు చూపే మనిషిని. ర్యాంప్ గుండ్రంగా తిరిగే చోట మధ్యలో పెద్ద ఖాళీ స్థలం ఉంది, ఆరు పొదలూ అక్కడికి మారుస్తానన్నాను.

"అక్కడికి నేనెలా పోవాలి? లారీల మధ్యనుంచి పరిగెత్తాలా?"

"పోకూడదండీ. అక్కడికి మనుషుల్ని రానివ్వరు."

"కోసుకోలేని మొక్క నాకెందుకే పిల్లా? వాటినేమన్నా జూలో పెడుతున్నావా? దారి పక్కన పెట్టు. మనిషి చుట్టూ తిరిగి కోసుకునేలా ఉండాలి. తడి ఉండాలి, ఎండ తగలాలి."

అలాంటి చోటు అక్కడ ఒక్కటే ఉంది. అది నా పట్టీ.

"అక్కడ కుదరదండీ. అక్కడ నా ఎర్రవి వస్తాయి."

"ఏవీ, ఓ ఆకు తే చూద్దాం."

వంతెన కింద దించిన తొమ్మిది వందల కుండీల్లోంచి ఐసేయా ఒక ఆకు కోసి తెచ్చాడు. ఆవిడ కోటు జేబులోంచి ఆల్చిప్ప తీసి, ఆకు వెనక గట్టిగా గీకింది. పటుక్కున విరిగింది.

"నార లేదు. పైన పటారం, లోన లొటారం. మా పెద్దల్లుడు గుర్తొస్తున్నాడు" అంది.

ఐసేయా అటు తిరిగి భుజాలు ఊపుకుంటూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. శుక్రవారం సాయంత్రం దాకా బేరమాడి, పట్టీ చివర పన్నెండు మీటర్లు వదలడానికి ఒప్పుకున్నాను. ఆరు పొదలకు అది చాలు. ఆంటీ కాస్త ఆలోచించి సరేనంది.

"ఆదివారం పొద్దున్నే మా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తా. నేనొచ్చాకే మొదలుపెట్టండి" అని చెప్పి కుర్చీ మడిచింది.

ఆవిడ అలా మర్యాదగా వెళ్ళిపోయేసరికి నాకే మనసులో ముల్లు గుచ్చుకుంది. నూట యాభై మీటర్లలో పన్నెండు విదిలించానా అనిపించింది. దాంతో శనివారం మధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, సాయం చేద్దామని బయలుదేరాను. హరకేకేని ఒకచోటునుంచి ఇంకోచోటికి మార్చేముందు ఆకులు మూడొంతుల్లో రెండొంతులు కోసేయాలి, లేకపోతే నీరు ఆవిరై వాడిపోతుంది. ఇది మా చదువులో మొదటి పాఠం. కంచెలు కత్తిరించే మిషను తెచ్చి ఆరింటికీ డిప్ప కటింగ్ చేసేశాను. ఎంత సమంగా వచ్చాయంటే, వెనక్కి జరిగి ఫోటో కూడా తీసుకున్నాను.

ఆదివారం పొద్దున చలి, ఎండ. ఎనభై మంది వచ్చారు. బడిపిల్లలు, సైకిళ్ళ వాళ్ళు, చర్చి బృందం, ఐసేయా వాళ్ళావిడ వేయించి తెచ్చిన రొట్టెల బుట్టలు. ఆంటీ మనవరాళ్ళతో, శిష్యులతో దిగింది. నవ్వుతూ నడిచి వస్తున్నదల్లా పొదల్ని చూసి ఆగిపోయింది. ఆవిడ వెనక వాళ్ళూ ఆగిపోయారు.

"ఎవరు చేశారిది?"

ఐసేయా ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నేనేనండీ" అన్నాను. "మీకు పని తగ్గుతుందని."

"పిల్లల తలలు నరికావు కదే" అంది ఆవిడ.

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. చిన్నగా అంది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన ఆకుల్ని వేళ్ళతో విడదీసి నాకు చూపించింది.

"ఇదిగో, నడిమి ఆకు. ఇది బిడ్డ. దీన్ని రెండు పక్కలా పట్టుకుని ఉన్నవి అమ్మా నాన్నా. ఈ మూడింటినీ మేం ఎప్పుడూ ముట్టం. కోసేది బయటి ఆకుల్నే, తాతల్ని, ముత్తాతల్ని. బిడ్డని కోస్తే ఆ ఇల్లు నిలవదని మా అమ్మ నా వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. అరవై ఏళ్ళు పైగా వీటిలో ఒక్క బిడ్డని ఎవరూ ముట్టుకోలేదు."

నేను ఒక్క మధ్యాహ్నంలో అందర్నీ నరికాను. సమంగా.

"చచ్చిపోతాయా ఆంటీ?" అన్నాను. అంతదాకా ఆవిణ్ణి 'అండీ' అనే అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో వచ్చేసింది.

"పెద్దవి ఏమవుతాయో చెప్పలేను. కోసినచోట నీళ్ళు దిగితే కుళ్ళుతాయి."

ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి.  పైన వంతెన మీద లారీలు తమకేమీ పట్టనట్టు పోతున్నాయి. నేను భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాను. అప్పుడు ఆంటీ రెండు చేతులూ మోచేతుల దాకా పొదలోకి దూర్చింది. తడిమింది. మళ్ళీ తడిమింది. తల పైకెత్తి నన్ను చూసింది.

"ఏమే, వంగి కొయ్యలేదా నువ్వు?"

"నడుం నొప్పి ఆంటీ. మోకాలి ఎత్తునే కోశాను."

"ఆ నడుముకు దండం పెట్టుకో."

మోకాలి కిందుగా, పెద్ద ఆకుల మాటున, జానెడు, రెండు జానల పిలకలు పొద నిండా ఉన్నాయి. నా మిషను వాటిని అందుకోలేదు. ఒక్కోదాని నడుమ బిడ్డ ఆకు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆంటీ ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆవిడ మనవరాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనైతే గట్టిగా ఏడ్చేశాను, సిగ్గేం లేదు.

"ఇక పొదలు పొదలుగా నాటి లాభం లేదు. అన్నీ విడదీయాలి" అంది ఆంటీ. ఆవిడ ముందు తన భాషలో ప్రార్థన చేసింది. తర్వాత జేసీబీ పొదల్ని వేర్లతో లేపింది. ముఠా వాళ్ళు పారలతో, శిష్యులు చేతులతో పిలకల్ని విడదీశారు. ఒక్కో పిలకనీ ఒక్కో మనిషి చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. చేతులు సరిపోలేదు. లెక్క పూర్తయ్యేసరికి నూట నలభై ఒకటి.

ఒక్కోదానికి రెండు మీటర్ల చోటు కావాలి, రేపు పొద అయితే మనిషి తిరగాలి కాబట్టి. రెండు వరుసల్లో పెట్టినా పన్నెండు మీటర్లలో పన్నెండుకు మించి పట్టవు. లెక్క నాకొక్కదానికే కాదు, ఐసేయాకూ వచ్చు. అతను నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"బాస్, వేర్లు ఎండుతున్నాయి."

ఎనభై మందీ, పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఆ పిలకల్ని పట్టుకుని నావైపే చూస్తున్నారు. ఒక్క ఆంటీ తప్ప. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. పన్నెండు మీటర్లకు ఒప్పుకున్న మనిషి, మాటంటే మాటే. తన చేతిలో ఉన్న పిలక వేర్లకు తడి గుడ్డ చుడుతూ, ఏ పన్నెండు ఉంచాలో ఏరుకుంటోంది. అది చూడలేకపోయాను.

పదిహేడో షీటును ట్రక్కు బానెట్ మీద పరిచి, పెన్సిల్‌తో నా ఎర్ర పట్టీని ఈ చివరినుంచి ఆ చివరికి కొట్టేశాను.

"ఇక్కడినుంచి అక్కడిదాకా అంతా ఆంటీదే. పెట్టండి!" అని అరిచాను.

"మరి తొమ్మిది వందల ఎర్రవీ? మా ఇంటికి తోలెయ్యమంటావా?" అన్నాడు ఐసేయా.

అప్పుడు తట్టింది నా బుర్రకు. ర్యాంప్ మధ్యలో ఎవరూ నడవని ఖాళీ. కార్లలోంచి చూడ్డం తప్ప ఇంకే పనీ లేని చోటు. ఆంటీ మొక్కల్ని తోసేద్దామనుకున్నది అక్కడికే.

"ఎర్రవి అక్కడికి. చూడ్డానికి పుట్టినవేగా, జనం చూసుకుంటారు."

"రెండేళ్ళు గీశావు. ఇది రెండు నిమిషాల్లో తోచిందా?"

"నోర్మూసుకుని పార తే."

ఆ రోజంత సందడి ఏ పండక్కీ చూడలేదు నేను. ఆంటీ వరుస వెంబడి నడుస్తూ లోతు తక్కువైన చోట మళ్ళీ తవ్వించింది, ఎక్కువైన చోట చేతిమీద ఒక్కటేసింది. నన్ను రెండుసార్లు కొట్టింది. పిల్లలు తమ పిలకలకు రగ్బీ ఆటగాళ్ళ పేర్లు పెట్టి, ఎవరిది ముందు పెరుగుతుందని పందేలు కాసుకున్నారు. వంతెన మీద వెళ్ళే లారీవాళ్ళు హారన్లు కొడితే చర్చి బృందం పాటలో తాళం అందుకుంది. మధ్యాహ్నానికి రొట్టెలు, సాసేజ్‌లు ఒక్కటి మిగల్లేదు. ఆఫీసులో మార్పుల కాగితాలు నింపడానికి నాకు మూడు వారాలు పట్టింది. అవార్డు ఓ బస్‌స్టేషన్‌కు పోయింది. అబద్ధం చెప్పను, రెండు రోజులు అలిగాను.

మొదటి ఎండాకాలం వానల్లేక ఎనిమిది పిలకలు పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి. ఆంటీ మూడేళ్ళ దాకా ఎవర్నీ ఆకు ముట్టనివ్వలేదు. మూడో ఏడు పూర్తయ్యాక కూడా, కోతకు పెట్టుకున్న రోజున వాన పడిందని రెండుసార్లు వెనక్కి పంపింది. వానలో కొయ్యరట. మూడోసారి ఎండ కాసింది. ఆవిడకు ఎనభై ఒకటి వచ్చాయి. మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది.

"నేను కోస్తానాంటీ" అన్నాను.

"నీ చేతికి కత్తి ఇంకో పదేళ్ళ తర్వాత."

తనే వంగి బయటి ఆకు ఒకటి కోసింది. గోటితో చీల్చి, వెనక్కి విరిచి లాగింది. తెల్లటి నార, వెంట్రుకల పాయలా మెరుస్తూ, తెగకుండా చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని చెంపకు ఆనించుకుంది.

"అమ్మదే" అంది. అంతే అంది.  తర్వాత ఆవిడే తేరుకుని, "ఏంటలా చూస్తారు, కూర్చోండి, పని నేర్పుతా" అని కసిరింది.

ఆ సాయంత్రానికి నేనూ ఒక బుట్ట అల్లాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఒక పక్క వాలిపోయి, అడుగున మూడు వేళ్ళు దూరేంత సందుతో తయారైంది. అయినా నాకు తెగ నచ్చింది. ఆఫీసు బల్ల మీద పెట్టుకుంటానన్నాను.

"కుదరదు. మొదట అల్లింది ఉంచుకోకూడదు. ఎవరికైనా ఇచ్చెయ్యాలి. అప్పుడే రెండోది బాగా వస్తుంది" అంది ఆంటీ.

నేను ఆలోచించనక్కర్లేకపోయింది. ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, అడుగు సందులోంచి నన్ను చూసి, నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మా అమ్మ దీన్ని చూసుంటే వారం నవ్వేది" అంది.

ఇప్పుడు ఆవిడ బంగాళాదుంపలు తెచ్చుకునేది ఆ బుట్టలోనేనట. మనవరాలు చెప్పింది. ఇంట్లో తన చేత్తో అల్లినవి ఇరవై ఉన్నా సరే, అదే కావాలంటుందట. దారిలో ఒకటి రెండు దుంపలు సందులోంచి జారిపోతాయట. ఆవిడ వెనక్కి నడిచి వెళ్ళి, ఏరుకుని, మళ్ళీ అందులోనే వేసుకుంటుందట.