జేబుకి కడుపొచ్చిన మధ్యాహ్నం

లాస్ వేగాస్ ఫ్రీమాంట్ వీధిలోని మా పేకాట గదిలో ఒకే పందెం ఆడే టేబుళ్ళు రెండు. చిన్నది ఎదురుచూసేవాళ్ళది. పెద్దదాంట్లో కుర్చీ ఖాళీ అయితే, చిన్నదాంట్లో అందరికంటే ముందొచ్చినవాడు లేచి అక్కడికి వెళ్ళాల్సిందే. తన ముందున్న చిప్స్, అంటే డబ్బుకి బదులు ఆడే బిళ్ళలు, అన్నీ వెంట మోసుకెళ్ళాలి, ఒక్కటీ జేబులో వేసుకోకూడదు. చిప్స్ ఉన్నంతసేపే ఇక్కడ మర్యాద. అవి పోతే చేతికి మిగిలేది చిప్ప.

ఆ మధ్యాహ్నం నా ముందు కుప్ప బాగా పెరిగింది. నా ట్రక్కు గేర్‌బాక్స్ చచ్చిపోయిన దగ్గర్నుంచీ నా బతుకు రివర్సులోనే నడుస్తోంది. ఆ కుప్పలో సగం చాలు, బండి లేచి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే గది అజమాయిషీ చూసే కీమో వచ్చాడు.

"హోరెస్ గారూ, పెద్ద టేబుల్లో కుర్చీ ఖాళీ. వంతు మీదే."

సగం కోటు జేబులోకి జార్చి, మిగతా సగంతో దర్జాగా నడిచాను. అక్కడ వెర్నా కూర్చుని ఉంది. జీవితమంతా స్కూలు బస్సు నడిపి, అద్దంలోంచే వెనక సీటు అల్లరిని పట్టేసిన మనిషి.

"కీమో! హోరెస్ జేబుకి కడుపొచ్చింది, చూడు! నెలలు నిండినట్టున్నాయి!"

"నీకెందుకు తల్లీ? అది నా లంచ్."

"గలగలమనే లంచ్ ఏంటయ్యా? గాజులు తింటున్నావా?"

టేబులంతా పగలబడి నవ్వింది. కీమో నవ్వలేదు. "అన్నీ టేబుల్ మీద పెట్టండి సార్. లేదా అన్నీ తీసుకుని ఇంటికెళ్ళండి. సగం సగం కుదరదు."

ఇంటికెళితే గేర్‌బాక్స్ ఖాయం. గుమ్మం వైపు తిరిగాను కూడా.

"పో పో, బస్సులో పో! బండి లేదుగా!" అంది వెర్నా.

జేబు టేబుల్ మీద దులిపి కూర్చున్నాను. పౌరుషం ఒక్కటే కాదు, వెర్నా దవడ మీద నాకు అంత నమ్మకం. చేతిలో మంచి ముక్కలు పడితే ఆమె చూయింగ్ గమ్ నమలడం ఆపేస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలియదు, నాకు తెలుసు.

కాసేపటికి వెర్నా తన కుప్పంతా మధ్యలోకి తోసింది. నా మొత్తం కుప్ప కంటే కాస్త పొట్టిది, అంతే. దవడ మాత్రం గానుగలా తిరుగుతోంది. టేబుల్ మీద అందరికీ పరిచిన ముక్కలతో కలిపి నా దగ్గర మూడు తొమ్మిదులు.

"ఆడుతున్నా," అన్నాను.

ఆమె ముక్కలు తిప్పింది. జత లేని రాణి ఒకతి, పక్కన పనికిమాలిన ముక్క ఒకటి. చిప్స్ అన్నీ నా వైపు వచ్చేశాయి.

"ఆయన జేబు జోలికి పోకపోతే ఆయన ముందున్నంతే మీవీ పోయేవి, సగం మిగిలేవి మేడమ్," అన్నాడు కీమో మెల్లగా.

వెర్నా ఒక్క క్షణం నమలడం ఆపింది. తర్వాత తనే ముందు నవ్వింది. "రూలు రూలేనయ్యా. నన్ను చిన్న టేబుల్‌కి మార్చు, మళ్ళీ చిప్స్ కొనుక్కుంటా."

నేను రెండు కుప్పలూ ట్రేలకెత్తి లేచాను.

"ఎక్కడికి?"

"అన్నీ తీసుకుని ఇంటికి. అదీ రూలేగా!"

"ఎలా వెళ్తావురా దొంగా?"

"బస్సులోనే వెర్నా. ఇదే ఆఖరిసారి!"