గేటు దగ్గర రెండు గీతలు

రొయ్యలు ఒలిచే ఆ కంపెనీలో నెలకోసారి ఆడవాళ్లంతా గేటు దగ్గర కప్పుల్లో మూత్రం పట్టివ్వాలి. నర్సు అందులో పరీక్ష పట్టీ ముంచుతుంది. రెండు గీతలొస్తే కడుపుతో ఉన్నట్టు. సూపర్‌వైజర్ వెంటనే కడుపు పోయే మాత్ర చేతిలో పెడతాడు. మింగితే పని, లేకపోతే ఇంటికి. పోయినసారి ఒకావిడ అందరి ఎదుటా ఏడుస్తూ మింగింది. వాచ్‌మన్ నీళ్లందించాడు. మిగతావాళ్లు తలలొంచుకుని లోపలికి పోయారు. వాళ్లలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడా ఉంది. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఈసారి అక్కడే పనిచేసే ఆమె కోడలికే నెల తప్పింది. మర్నాడే పరీక్ష.

సాయంత్రం యూనియన్ గది కిక్కిరిసింది. కడుపులో ప్రాణం తీయడం ఎవరు చేసినా పాపమేనంది పెద్దక్క. యూనియన్ కార్యదర్శి చిన్నదే గానీ నోరున్న పిల్ల. ఆడదాని పక్షమంటూనే ఆమె కడుపు మీద తీర్పులేమిటని నిలదీసింది. పెద్దక్కకు ఒళ్లు మండింది. నలుగుర్ని కని ఒకణ్ణి మట్టిలో పెట్టినదానికి ఆడదాని పక్షం నువ్వు నేర్పాలా అంది. గది రెండు ముక్కలైంది. బయట కంపెనీ జీపు అదేపనిగా తిరుగుతోంది.

అప్పుడు కోడలు నోరు విప్పింది.

"ఉంచుకోవాలో వద్దో నేనింకా తేల్చుకోలేదత్తయ్యా. మీరిద్దరూ తేల్చేస్తున్నారు. రేపు ఆ సూపర్‌వైజరూ తేల్చేస్తాడు."

పెద్దక్క కోడలి వైపు తిరిగింది.

"వద్దనుకుంటే నీ కాళ్లావేళ్లా పడతాను. నా మాట మారదు. కానీ నోట్లో మాత్ర కుక్కే హక్కు వాడికెవడిచ్చాడు?"

"బతిమాలడంతో ఆగితే సరే," అంది కార్యదర్శి. "ఆగకపోతే మీతోనూ కొట్లాటే."

"కొట్లాడుదువుగాని. ముందు రేపటి సంగతి చూడు."

పొద్దున కోడలు తన మూత్రం సీసాలో పట్టి తెచ్చింది. గేటు పక్క మరుగుదొడ్లో ఆ సీసా చేతులు మారింది. ప్రతి కప్పులోకీ కాస్త పడింది.

నర్సు ముంచిన ప్రతి పట్టీ మీదా రెండు గీతలే. సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుని ఫోన్ చేశాడు. పోలీసు వ్యాన్ వచ్చి రోడ్డుకడ్డంగా ఆగింది. అసలు మనిషెవరో చెబితే మిగతావాళ్లను వదిలేస్తానన్నాడు సూపర్‌వైజర్. ఎవరూ కదల్లేదు. పెద్దక్క నెరిసిన జుట్టు చూసి, నీకూ కడుపేనా ముసలీ అని వెకిలిగా నవ్వాడు.

"అవునయ్యా, నాకే," అంది పెద్దక్క. "మాత్ర మింగను. ఇంటికీ పోను."

ఆమెను వ్యాన్‌లోకి ఈడ్చారు. కార్యదర్శి తనంతట తనే ఎక్కి పక్కన కూర్చుంది. మిగతావాళ్లు చేతులు పెనవేసుకుని గేటుకడ్డంగా బైఠాయించారు. మలుపులో రెండో వ్యాన్ కనిపించింది. కోడలు వాళ్ల మధ్యలో ఉంది. ఆమె ఇంకా ఏమీ తేల్చుకోలేదు. అక్కడ ఆమెను తొందరపెట్టేవాళ్లు లేరు.