కడిగినా పోని పొర

"ఇంకోసారి కడుగు, నీసు పోలా" అంది అత్తమ్మ. వంజరం చేప ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి మళ్లీ కడిగాను. కడగడం నాకు కొత్తేం కాదు. ల్యాబులోనూ నా పని అదే. కంటికి ఆనని ఇనుప రేణువులను రక్తపు సీరంలో వేస్తాను. వేయగానే సీరంలోని ప్రోటీన్లు వాటిని చుట్టేసుకుంటాయి. గొట్టం పక్కన అయస్కాంతం పెడితే రేణువులన్నీ ఆ గోడకి చేరతాయి, నీళ్లు వంపేసి మళ్లీ కడుగుతాను. కొన్ని ప్రోటీన్లు వదులుతాయి, కొన్ని ఎంత కడిగినా వదలవు. ఇక ఒంట్లోని ఏ కణమూ రేణువుని చూడదు, దాని మీది పొరనే చూస్తుంది. పెళ్లయిన కొత్తలో ఇదంతా చెప్తే మా ఆయన రహ్మాన్, "ఇనుముకి మురికి పట్టిందని చెప్పేదానికి పీహెచ్‌డీ ఇస్తారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను వీధిలో రహ్మాన్ భార్యని, బడి దగ్గర ముబీన్ అమ్మని. ల్యాబులో ఎవరైనా పెద్దలొస్తే టీ కోసం మా గైడు ప్రసాద్ సారు చూసేది నా వైపే. నిన్న ఆయన పిలిచి, "ఎల్లుండి చెన్నై సదస్సులో నీ పేపరు వెంకటేష్ చదువుతాడులే నిషాత్. మీ ఆయన ఫోన్ చేసినాడు, నీకు కుదరదంట గదా" అన్నారు. వెంకటేష్ నా జూనియర్, ఆ రేణువులని ఒక్కనాడూ కడిగి ఎరగడు. నన్నొక మాట అడగాలని సారుకీ తోచలేదు, మా ఆయనకీ తోచలేదు.

నిన్న సాయంత్రమే ఇంటికొచ్చి నిలదీస్తే రహ్మాన్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "రేపు కాక ఎల్లుండి మా పోర్టు ఆఫీసరు భోజనానికి వస్తున్నాడు. నీ చేతి పులుసని చెప్పుకున్నా. ఎవురు చదివితే ఏంది, పేరు నీదే గదా."

చింతపండు రసం మరిగాక మామిడికాయ ముక్కలూ చేపా వేశాను. అత్తమ్మ మూత తీసి వాసన చూసి, "ఈ పూట ఎవురూ ముట్టబాకండి. పులుసు మర్నాడే రుచి" అంది. ప్రతిసారీ అనే మాటే. ఈసారి మాత్రం నా చేతిలో గరిట ఆగిపోయింది. ఎన్ని పొరలు పట్టినా లోపలి ఇనుము అయస్కాంతం వైపు కదులుతుందని పేపర్లో రాసింది నేనే.

స్టవ్ ఆర్పి చేతులు కడుక్కున్నాను. నీసు పోలేదు, పోకపోతే మానె. సారుకి ఫోన్ చేసి "నా పేపరు నేనే చదువుతాను సార్" అని, జవాబు కోసం ఆగకుండా పెట్టేశాను. బ్యాగు భుజానికి తగిలించుకుని హాల్లోకి వచ్చాను.

"ఇంత పొద్దుపోయినాక ఎక్కడికి?" అన్నాడు రహ్మాన్.

"చెన్నైకి. పులుసు రేపటికి బాగా ఊరుతుంది. మీరు వడ్డించండి."